తలుపు స్తంభంలో దాగిన చెయ్యి

తెనాలి జంక్షన్లో రేపల్లె బండి కోసం ఎదురుచూసిన పాతతరం వాళ్లకు సిగ్నలు చెయ్యి వాలడం, లేవడం బాగా తెలుసు. అలాంటి చెయ్యే ఒకప్పుడు కార్లకూ ఉండేది. డ్రైవరు మీట తిప్పగానే ముందు తలుపుకీ వెనక తలుపుకీ మధ్యనున్న స్తంభంలోంచి జానెడు రెక్క ఒకటి బయటికొచ్చి అడ్డంగా నిలబడేది. దాని కడుపులో పసుపు దీపం వెలిగేది. బండి ఎటు తిరుగుతుందో ఎదురొచ్చేవాడికీ వెనకొచ్చేవాడికీ ఒకేసారి తెలిసిపోయేది. ఇంగ్లండులో దీన్ని ట్రాఫికేటర్ అన్నారు.

మొదట్లో ఈ రెక్కల్ని తీగలతో లాగేవారు. 1908లో రోములో అల్ఫ్రెడో బరాకినీ అనే ఆయన రెక్క లోపల విద్యుద్దీపం పెట్టాడు, కానీ లేపడం మాత్రం తీగతోనే. తర్వాత కరెంటుతో లేచే రెక్కలొచ్చాయి. జర్మనీలో బాష్ కంపెనీ 1928 నుంచి వాటిని తయారు చేసింది. ఇంగ్లండులో లూకాస్ కంపెనీవి ఇంటింటి సరుకయ్యాయి.

మన దేశంలో అవి కనిపించింది ఎక్కువగా ఇంగ్లీషు కార్లలోనే. 1942లో ఓఖా రేవులో మొదలై 1948లో ఉత్తరపారాకు మారిన హిందుస్థాన్ మోటార్స్, మోరిస్ కార్లనే హిందుస్థాన్ 10, హిందుస్థాన్ 14, బేబీ హిందుస్థాన్ పేర్లతో అమ్మింది. 1948లో పుట్టిన మద్రాసు అశోక్ మోటార్స్ ఆస్టిన్ ఏ40ని బిగించి ఇచ్చింది. 1953 అక్టోబరు 1 దాకా మనమూ మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం కనుక, కొల్లిపర నుంచి బాపట్ల దాకా కారు కొనే స్తోమతున్న రైతు కుటుంబాలకు మద్రాసే దగ్గరి దారి.

ఆ రోజుల్లో కారుకు ఎదురయ్యేవి ఎక్కువగా ఎడ్లబళ్లు, సైకిళ్లు. బండి తోలే మనిషికి కారు సంగతి తెలియకపోవచ్చు, చాచిన చెయ్యి మాత్రం తెలుసు. ఏ చదువూ అక్కర్లేని సైగ అది. ఆ తర్వాత వచ్చిన మిణుకు దీపం మంచిదే. కదిలే భాగాలు లేవు, విరిగేదీ లేదు. అందుకే మోరిస్ మైనర్ 1961లో, ఐరోపాలో అమ్మిన ఫోక్స్‌వాగన్ బీటిల్ 1960లో చేతులు వదిలేసి దీపాలకు మారాయి. అయినా కారుకూ మనిషికీ మధ్య ఉన్న మర్యాద ఆ పాత చేతిలో కనిపించినంతగా మరెందులోనూ కనిపించదని నా నమ్మకం. పాత కారున్నవాళ్లు దాన్ని పనిచేసే స్థితిలో కాపాడుకోవాలని అడిగేది అందుకే.

ముందు మీ కారులో ఆ చెయ్యి ఉందో లేదో పోల్చుకోవాలి. చాలా కార్లలో రంగు మార్చినప్పుడల్లా ఆ గాడిని లప్పంతో పూడ్చేశారు. రెండు తలుపుల మధ్య స్తంభాన్ని వేలితో తట్టి చూడండి. రేకు ఖంగుమంటుంది, లప్పం మొద్దుగా పలుకుతుంది. చిన్న అయస్కాంతం ఆనిస్తే రేకు మీద అతుక్కుంటుంది, లప్పం మీద జారిపోతుంది. అలా జారిన చోటు సన్నగా, నిలువుగా జానెడు ఉంటే అక్కడ చెయ్యి ఉండేదన్నమాటే. స్తంభం లోపలి గుడ్డ విప్పితే తెగిన వైర్లు వేలాడుతూ దొరకవచ్చు. కొన్ని కార్లలో స్టీరింగు నడుమ హారన్ బొత్తాం చుట్టూ ఎడమకూ కుడికీ తిరిగే మీట మిగిలి ఉంటుంది. అది మరో సాక్ష్యం. టాపు మడిచే మోరిస్ మైనర్‌లో మాత్రం వెతకాల్సింది తలుపు వెనక రేకులో.

లోపలి పని చాలా సులువు. రాగితీగ చుట్టిన కాయిల్, దాని మధ్య ఇనుప కడ్డీ. కరెంటు పారగానే కాయిల్ కడ్డీని లాగుతుంది. కడ్డీ ముందు కొక్కేన్ని విడిపించి, ఆ తర్వాత చేతిని లేపుతుంది. కరెంటు ఆగగానే చెయ్యి తన బరువుకు తానే పడి, కొక్కెంలో ఇరుక్కుంటుంది. గతుకుల రోడ్డు మీద కారు ఎగిరినా చెయ్యి బయటికి రానిది ఆ కొక్కెం వల్లే. అందుకే మూసి ఉన్న చేతిని గోటితో పెకిలించి లాగకూడదు. పిల్లలు సరదాకి లాగితే మొదట పోయేది కొక్కెమే.

బల్బు మార్చే తీరు చూడదగ్గది. మీట వేసి చేతిని లేపాలి. అది అడ్డంగా నిలబడ్డాక కింద అరచెయ్యి ఆనించి, అప్పుడు మీట ఆపాలి. చేతి అడుగున ఉన్న చిన్న మర విప్పితే పైరేకు జారి వస్తుంది. లోపల రెండు కొనలా లోహపు టోపీలున్న పొడుగాటి బల్బు, సాధారణంగా మూడు వాట్లది. దాన్ని తీసేటప్పుడు కీలు దగ్గర వంగే సన్నటి వైరును గమనించండి. లేచిన ప్రతిసారీ, పడిన ప్రతిసారీ వంగి వంగి అది లోపలే తెగుతుంది, పైన తొడుగు మాత్రం బాగానే కనిపిస్తుంది. కొత్త బల్బు వేసినా వెలగకపోతే తప్పు అక్కడే వెతకాలి.

నూనె వెయ్యడంలో పిసినారితనమే నేర్పు. చీపురుపుల్ల కొనను కుట్టుమిషను నూనెలో ముంచి, చేతికీ యంత్రానికీ మధ్య కొక్కెం పిన్ను మీద ఒక్క చుక్క తాకించాలి. అంతే. ఎక్కువైతే దుమ్ము పట్టి జిగురవుతుంది. కొల్లిపర చుట్టుపక్కల మట్టి దారుల దుమ్ము, కోతల కాలంలో లేచే పొట్టు ఆ గాడిలోకే చేరతాయి. బాపట్ల, రేపల్లె వైపు ఉప్పుగాలికి తుప్పు తోడవుతుంది. కారు కడిగేటప్పుడు బకెట్టుతో స్తంభం మీద నీళ్లు కొట్టకుండా తడిగుడ్డతో తుడవడం మేలు.

చెయ్యి సగం లేచి ఆగిపోతే చాలామంది కాయిల్ పోయిందనుకుంటారు. తొందర వద్దు. ముందు బిగింపు మరల దగ్గర ఎర్తు చూడండి, తుప్పు పట్టి ఉంటే గీకండి. కడ్డీకి జిగురు పట్టిందేమో కిరసనాయిలుతో తుడిచి చూడండి. తర్వాతే కాయిల్. అది నిజంగా కాలిపోయినా దిగులక్కర్లేదు. మన ఊళ్లలో పంపుసెట్టు మోటార్లకు వైండింగు చేసే షాపులున్నాయి. పాత చుట్లు లెక్కపెట్టి, అదే మందం తీగతో చుట్టి ఇమ్మని అడగండి. ఆరు వోల్టుల కారుకూ పన్నెండు వోల్టుల కారుకూ కాయిళ్లు వేరన్నది మాత్రం ముందే చెప్పాలి. ఎల్‌ఈడీ బల్బు వేస్తే ప్లస్ మైనస్ చూసుకోవాలి. పాత ఇంగ్లీషు కార్లలో చాలావాటికి బాడీకి కలిసేది ప్లస్సే.

చట్టం అడ్డొస్తుందేమోనని కొందరి భయం. 1988 మోటారు వాహనాల చట్టం 121వ సెక్షను, కుడివైపు స్టీరింగున్న బండిలో మలుపు సైగను యాంత్రిక పరికరంతో గానీ విద్యుత్ పరికరంతో గానీ ఇవ్వవచ్చంటుంది, ఆ పరికరం నిబంధనల ప్రకారం ఉండాలంటుంది. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనలు యాభై ఏళ్లు దాటిన కార్లకు ‘వీఏ’ అక్షరాలతో వేరే నంబరు ఇస్తాయి. దానికి కారు అసలు రూపంలో ఉండాలి, రోజువారీ తిరుగుడుకు వాడకూడదు. లప్పం గీకి చేతిని మళ్లీ లేపడానికి ఇంతకంటే మంచి కారణం దొరకదు.

ఇవాళ్టి బస్సుల మధ్య, మన ఎండలో, మూడు వాట్ల దీపాన్ని ఎవరూ చూడరన్నది నిజమే. దాన్ని నమ్ముకుని తెనాలి రోడ్డెక్కమని నేను చెప్పను. ముందూ వెనకా చిన్న మిణుకు దీపాలు కూడా పెట్టుకోండి. కొత్త రంధ్రాలు పొడవకుండా బంపరు బోల్టులకే పట్టీ వేసి బిగించవచ్చు. చేతికీ దీపాలకూ వేర్వేరు ఫ్యూజులు వేయించండి, ఒకటి పోయినా రెండోది పనిచేస్తుంది.