నలభై రోజుల చాకిరి

రేవతి 'ఒక హిజ్రా ఆత్మకథ'ని (తెలుగు: పి. సత్యవతి) జాలిగా చదవడం మనకి అలవాటైంది. 2019లో ఈ అనువాదానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. మంచిదే. కానీ నిర్వాణం ఘట్టం దగ్గర అందరం కత్తినీ నెత్తురునీ చూసి ఆగిపోతాం. దానికి ముందూ వెనకా జరిగే పని కంటికి ఆనదు.

ఎక్కడికెళ్లాలి, ఎంత నొప్పి, ఎలా ఓర్చుకోవాలి - ఇవి చెప్పేది ఆ దారిన పోయొచ్చినవాళ్లే. తిరిగొచ్చాక నలభై రోజుల పథ్యం. వేడినీళ్లు కాచి పోసేవాళ్లుండాలి. అద్దం చూడకూడదు, మగవాళ్ల ఎదట పడకూడదు. ఆఖర్న పసుపు, గోరింటాకు. అచ్చం బాలింతకి చేసినట్టే. పాతపద్ధతిలో కోత కోసే పెద్ద హిజ్రాని దాయమ్మ అంటారు. దాయి అంటే మంత్రసానే గదా!

మా వాడ మంత్రసాని అన్ని కులాల పురుళ్లూ పోసింది. ఆమెకి దక్కింది పాత చీర, కాసిని గింజలు, మైల. నర్సమ్మ వచ్చాక ఆమెకేమీ తెలీదన్నారు. అందుకే ఈ పేజీల్ని నేను విషాదంగా చదవలేను. ఇది శ్రమ, ఇది విద్య.

అట్లాగని ఊరేగించనూలేను. నిర్వాణానికి అనుమతి గురువు చేతిలో ఉంది. చేలా సంపాదన గురువుకి చేరాలి. ప్రేమా పెత్తనమూ ఒకే గిన్నెలో వడ్డిస్తారని రేవతి దాచకుండా రాసింది. వేడినీళ్లు కాచినవాళ్లు ఏమనుకున్నారో కూడా రాసుంటే బాగుండేది.

పక్కనే లివింగ్ స్మైల్ విద్య 'నాన్, విద్యా' పెట్టుకుని చదవాలి. ఆమె దళితురాలు, భాషాశాస్త్రంలో ఎం.ఏ. పుణె రైళ్లలో అడుక్కుని డబ్బు కూడబెట్టింది. ఆపరేషన్‌కి వచ్చింది ఎక్కడికో కాదు, మన కడపకే. పట్టా ఇవ్వలేని తోడు ఆమెకి తోటి తిరునంగైలే ఇచ్చారు. వాళ్ల దగ్గరా డబ్బు లేదు. తోడు ఉన్నంత మాత్రాన ఖర్చు తప్పలేదు, నొప్పీ తప్పలేదు. ఇక్కడే మన 'సమాజ సేవ' కబుర్లు తేలిపోతాయి.

2014లో సుప్రీంకోర్టు నాల్సా తీర్పు చెప్పింది. 2019 చట్టం 15వ సెక్షన్లో ఆపరేషనూ, హార్మోన్లూ, ముందూ తర్వాతా కౌన్సెలింగూ ప్రభుత్వ బాధ్యతలని రాశారు. ఆ కౌన్సెలింగ్ కుర్చీలో ఎవరు కూచోవాలి? పుస్తకాల్లో చదివినవాళ్లొక్కరేనా? నలభై రోజులూ నీళ్లు కాచినవాళ్లని వలంటీర్లనీ, సోషల్ వర్కర్లనీ ఊరికే పిలవడం కాదు. ఆస్పత్రిలో పోస్టు వెయ్యాలి, నెలనెలా జీతం ఇవ్వాలి. గురువు అనుమతితో పనిలేకుండా ఎవరైనా వచ్చి వాళ్లని అడిగే వీలుండాలి.