వేలికొసల వర్తమానము

షష్టిపూర్తి గడచిన మరుసటి యేట ఈత నేర్వబూనిన నన్ను చూచి మా వీథిలో నవ్వనివారు లేరు. ఎదుట సముద్రమును పెట్టుకొని టిక్కెట్టు కొని కొలనులో మునుగుట యేమని వారి పరిహాసము. మా విశాఖ రామకృష్ణా బీచిలో వెనుదిరుగు కెరటము మనిషిని లోనికి లాగుకొనిపోవు తీరు ఎరిగినవాడనగుటచే, నేనా మాటలను సరకుసేయక, వేకువనే బీచ్ రోడ్డులోని ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్సునకు పోవుచుంటిని. బారలు కుదిరినవి. భయము తీరినది. కాని నెల తిరుగక మునుపే, గట్టెక్కి తల తుడుచుకొనుచుండగా ఎడమచేతి బొటనవ్రేలను, చూపుడువ్రేలను చీమలు ప్రాకినట్లు తిమ్మిరి బయలుదేరి, ఇంటికి పోయి కాఫీ గ్లాసు పట్టుకొనువరకును విడువకుండెడిది.

వైద్యుని కడకు పోగా, ఆయన నా చేయి పట్టి చూడక మునుపే ఏ వ్రేలని, ఒక చేయియా రెండునా యని, నీటిలోనా గట్టెక్కిన పిదపనా యని అడిగెను. తిమ్మిరి యన్నది ఒక్క మాటయే యైనను దాని పుట్టుకలు పెక్కు. చిటికెనవ్రేలును ఉంగరపువ్రేలిలో సగమును మొద్దుబారినచో, మోచేతి వెనుకగా పోవు నరము చేయి మడచినప్పుడెల్ల సాగి నొక్కుకొనుచున్నదని అనుమానింపవచ్చును. బొటనవ్రేలు మొదలు మూడు వ్రేళ్లును ఉంగరపువ్రేలి తక్కిన సగమును తిమ్మిరెక్కినచో మణికట్టు లోపలి ఇరుకుదారిని శంకింపవలెను. చేయి తలపైకెత్తి బార చాపునప్పుడు కంఠాస్థికిని మొదటి ప్రక్కటెముకకును నడుమ నరములును రక్తనాళములును నలుగుటయు కలదు. రెండు చేతులును పెదవుల చుట్టును ఒక్కమారే చిమచిమలాడినచో, అది తొందరపాటు ఊపిరుల ఫలము: బొగ్గుపులుసు వాయువు మితిమీరి వెలికిపోగా, రక్తములోని కాల్షియమున స్వేచ్ఛగా నుండు భాగము తగ్గి నరములు ఉలికిపడును. మునుగుటకు ముందు గబగబ ఊపిరులు తీయు కుర్రవారు నీటి అడుగుననే స్మృతి తప్పుటయు ఈ చేష్టవలననే గనుక, దానిని సాహసమని మెచ్చరాదు.

చలినీరు మరియొక కారణము. విశాఖ సముద్రము చల్లనిది కాదందుము గాని, వేసవి తొలినాళ్లలో నైరుతి గాలులు తీరము వెంబడి వీచి పైనీటిని ఆవలికి త్రోయగా లోతునుండి చల్లనినీరు పైకుబుకుటను, 1950 దశకమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తున పనిచేసిన అమెరికా శాస్త్రజ్ఞుడు లాఫాండు పరిశీలించి వ్రాసెను. ఓడల మరమ్మతులలో యేండ్ల తరబడి గాలిసుత్తి పట్టిన నా మిత్రుడొకడు అట్టి నీట దిగినచో వాని వ్రేళ్లు సున్నమువలె తెల్లబారును. చలికి వ్రేళ్లు ఇట్లు రంగుమారుటను ఫ్రెంచి వైద్యుడు రేనో 1862లో వర్ణించెను. గాలిసుత్తులు పట్టు రాతిపనివారిలో దీనిని 1918లో వైద్యురాలు ఆలిస్ హామిల్టన్ అమెరికాలో పరిశీలించెను. నా మిత్రుని వ్రేళ్లకు ఆ గుణము నిచ్చినది సుత్తి, బయటపెట్టినది నీరు.

మరి నా మాట యేమి? తుంటిమీద కొట్టిన మూతిపండ్లు రాలినట్లు, నా వ్రేళ్ల తిమ్మిరికి మూలము మెడలో నున్నదని వైద్యుడు తేల్చెను. తల వెనుకకెత్తి ఒక ప్రక్కకే త్రిప్పినప్పుడు ఆ ప్రక్క వెన్నుపూసల సందు ఇరుకై, బొటనవ్రేలివైపునకు పోవు ఆరవ నరము నలుగుచున్నదట. ఈత నేర్పు కుర్రవాడు ఈ సంగతి ముందే పసిగట్టినాడు. “ఏటి మాస్టారూ, ఊపిరికి తల ఎప్పుడూ ఎడమపక్కకే ఎత్తేస్తన్నారు? కుడిపక్క గాలి ఏటి పాపం చేసింది?” అని అడిగినవాడే వాడు. ఆలోచింపగా తెలిసినది: నలుబదియేండ్లు కుడిచేత సుద్దముక్క పట్టి నల్లబల్లపై వ్రాయుచు, ఎడమభుజము మీదుగా వెనుకబెంచీని కనిపెట్టినవాడను నేను. గాలిసుత్తి నా మిత్రుని వ్రేళ్లను పట్టినట్లే, బడి నా మెడను పట్టినది.

అయినను అన్ని తిమ్మిరులును వృత్తిదోషములు కావు. అరికాళ్లును మొద్దుబారుచున్నచో రక్తములో చక్కెరను, బి12ను పరీక్షింపజేసికొనవలెను. ఒకవైపు చేయి పట్టుతప్పి, మూతి వంకరపోయి, మాట తడబడినచో క్షణమైన ఆగక 108కి ఫోను చేయవలెను.

ఇప్పుడు నేను తల ఎత్తక, దేహముతో కూడ దొర్లించి, మూడు బారలకొకమారు చొప్పున ఇరుప్రక్కల మార్చిమార్చి ఊపిరి తీయుచున్నాను. తిమ్మిరి చాలవరకు తగ్గినది. కుడివైపు తిరిగినప్పుడు మాత్రము నోటిలోనికి నీరు పోవుచునే యున్నది. ఆ వైపు పిల్లలను నేనెన్నడును కనిపెట్టియుండలేదు గదా!