హార్ట్‌స్టాపర్: ఇంత మంచితనం ఎవరికోసం?

ఆలిస్ ఓస్‌మన్ రాసి, గీసిన ‘హార్ట్‌స్టాపర్’ ఐదు వాల్యూములూ వారం తిరక్కుండా చదివేశాను. చదువుతున్నంతసేపూ చిరాకు పడ్డాను. చిరాకు పడుతూనే తరవాతి వాల్యూమ్ తెరిచాను. ముప్పై దాటినవాణ్ణి, టీనేజీ పిల్లల కోసం గీసిన ప్రేమకథలో నాకేం పని అనుకోవచ్చు. కానీ ఈ సిరీస్‌ని నెత్తిన పెట్టుకున్నవాళ్ళలో నా వయసువాళ్ళు తక్కువేం కాదు. కాబట్టి ఆ చిరాకునీ, ఆ ఇష్టాన్నీ విడివిడిగా చూడాల్సిందే.

తెలియనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. ఇంగ్లండులో ఒక మగపిల్లల స్కూలు. చార్లీ గే అన్న సంగతి స్కూలంతా తెలిసిపోయి, ఏడాదిపాటు ఏడిపింపులు భరించాడు. నిక్ అతనికన్నా ఒక క్లాసు పైన, రగ్బీ ఆటగాడు, అందరికీ కావలసినవాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చోవాల్సి వస్తుంది. స్నేహం ప్రేమవుతుంది. నిక్ తను బైసెక్సువల్ అని మెల్లగా తెలుసుకుంటాడు. 2016లో వెబ్‌కామిక్‌గా మొదలైన ఈ కథ, 2018లో కిక్‌స్టార్టర్ చందాలతో పుస్తకమైంది. 2019 నుంచి పెద్ద ప్రచురణసంస్థ చేతికి వెళ్ళింది, 2022లో నెట్‌ఫ్లిక్స్‌కి ఎక్కింది.

ముందు చిరాకు సంగతి. మా పనిలో ‘హ్యాపీ పాత్’ అని ఒక మాట ఉంది. యూజర్ సరైన పాస్‌వర్డే కొడతాడు, నెట్ పోదు, సర్వర్ పడిపోదు. అన్నీ సజావుగా జరిగితే ప్రోగ్రాం నడిచే దారి అది. మొదటి మూడు వాల్యూములూ దాదాపు ఆ దారిలోనే నడుస్తాయి. అపార్థం వస్తే నాలుగు పేజీల్లో ‘సారీ’తో తీరిపోతుంది. స్నేహితుల గుంపులో ఎవరూ ఎవర్నీ పెద్దగా మోసం చెయ్యరు. పరీక్షలు పేరుకి వచ్చి పోతాయి. డబ్బు గురించి ఎవరికీ దిగులుండదు. చెడ్డవాళ్ళు చెడ్డవాళ్ళుగానే వచ్చి, తిట్లు తిని వెళ్ళిపోతారు. నిక్ అన్న డేవిడ్‌కి తమ్ముడంటే ఎందుకంత కసి? ఆ ప్రశ్న కథ గట్టిగా వేసుకోదు.

అయితే ఇది రచయిత అమాయకత్వం అనుకుంటే పొరపాటు. నిక్, చార్లీ మొదట కనిపించింది ఈ కామిక్‌లో కాదు, 2014లో వచ్చిన ఓస్‌మన్ తొలి నవల ‘సాలిటేర్’లో. అందులో కథ చెప్పేది చార్లీ అక్క టోరి. దేనిమీదా నమ్మకం లేని పిల్ల. ఆ నవల్లో చార్లీ ప్రేమకథ ఒక మూల ఉంటుంది, అతని జబ్బు అంతకన్నా పెద్దగా కనిపిస్తుంది. అంటే ఓస్‌మన్ ముందు చీకటిని రాసి, ఆ తరవాత వెనక్కి వెళ్ళి అదే పిల్లలకి వెలుతురున్న రోజుల్ని గీశారు. ఈ మెత్తదనం తెలిసి తీసుకున్న నిర్ణయం. చేతకాక కాదు. ఈ సంగతి తెలిశాక నా చిరాకు సగం తగ్గింది.

బొమ్మలు చూస్తే ఆ నిర్ణయం ఇంకా బాగా అర్థమవుతుంది. గీత గొప్పగా ఏమీ ఉండదు. వెనకాల గోడలూ గదులూ చాలాచోట్ల ఖాళీ. కానీ మొహాలు, చేతులు ఖాళీగా ఉండవు. పక్కపక్కన ఉన్న రెండు చేతులు తగలాలా వద్దా అని తటపటాయించడానికి ఒక పేజీ మొత్తం ఇస్తారు. మాటల్లేని గడులు వరసగా వస్తాయి, గడుల గీతలు దాటుకుని ఆకులు ఎగురుతూ పోతాయి. అర నిమిషంలో తిప్పేసే పేజీలే, కానీ ఆ వయసులో అర నిమిషం ఎంత పొడుగ్గా ఉంటుందో గుర్తుచేస్తాయి. రగ్బీ కుర్రాడు రాత్రి ఒంటరిగా కూర్చుని తను గేనా అని గూగుల్‌ని అడిగే చోట నాకు నవ్వు రాలేదు. ఎవర్నీ అడగలేనిది ఇంటర్నెట్‌ని అడిగి, అది చూపించినవి చదువుకుని ఇంకా కంగారుపడటం మన తరానికీ తెలిసిందే.

నా ఉద్దేశంలో ఈ సిరీస్‌కి గుండెకాయ నాలుగో వాల్యూమ్. చార్లీ సరిగా తినడం లేదని నిక్ గమనిస్తాడు. ప్రేమిస్తున్నాను కాబట్టి నేనే బాగుచేస్తాను అనుకుంటాడు. మన సినిమాలూ నవలలూ మనకి నేర్పింది కూడా అదే. ప్రేమ ఉంటే చాలు, తాగుడు మానతాడు, పిచ్చి కుదురుతుంది, రౌడీ మంచివాడవుతాడు. ఇక్కడ నిక్ వాళ్ళమ్మ కొడుకుని కూర్చోబెట్టి, ప్రేమ మానసిక జబ్బుని నయం చెయ్యదని చెబుతుంది. చార్లీ ఆస్పత్రిలో చేరతాడు. నిక్ చెయ్యగలిగింది ఎదురుచూడటం, తన జీవితం తను గడుపుకోవడం, పిలిస్తే వెళ్ళడం. చార్లీకి బాగైపోలేదు, బాగవుతూ ఉన్నాడు. హ్యాపీ పాత్ తప్ప ఏదీ గీయలేదనుకున్న రచయిత, ప్రేమకథల్లోని అతి పెద్ద అబద్ధాన్ని ఇంత మెత్తటి గొంతుతోనే పక్కకి నెట్టేశారు. అరిచి చెబితే పద్నాలుగేళ్ళ పిల్లలు వినేవాళ్ళు కాదేమో.

అయినా ఒక ఫిర్యాదు మిగిలే ఉంది. దాని పేరు బెన్. మొదటి వాల్యూమ్‌లో చార్లీని చాటుగా ముద్దు పెట్టుకుని, నలుగురిలో తెలియనట్టు నటించే కుర్రాడు. దుర్మార్గుడే, కాదనను. కానీ భయంతో కుళ్ళిపోతున్న పిల్లాడు కూడా. కథ అతన్ని దులిపి పారేసి ముందుకెళ్ళిపోతుంది. పదహారేళ్ళప్పుడు మనలో ఎక్కువమంది నిక్ అంత నిబ్బరంగా ఉంటారా, బెన్ అంత పిరికిగా ఉంటారా? మంచి పిల్లలకి మంచి జరిగే కథ ఒంటరి పిల్లలకి ధైర్యమిస్తుంది, నిజమే. కానీ ఆ ధైర్యం అందక, తన భయాన్ని పక్కవాడి మీద చూపిస్తున్న పిల్లాడికి ఈ ఐదు వాల్యూముల్లో నిలబడే చోటు లేదు. వాడూ ఈ పుస్తకం దాచుకుని చదువుతూ ఉండొచ్చు.

ఇక నాలాంటి పెద్దపాఠకుల సంగతి. రెండో వాల్యూమ్ చివర నిక్ తల్లికి నిజం చెప్పినప్పుడు, నాతో చెప్పలేనని నీకు అనిపించేలా ఎప్పుడైనా ఉండి ఉంటే సారీ అంటుంది ఆవిడ. ఈ పేజీ పిల్లలకి ఒక హామీ. పెద్దలకి మాత్రం, దొరకనిదాన్ని తలుచుకునే చోటు. మనకి చందమామ తరవాత నేరుగా యండమూరి. మధ్యలో పదిహేనేళ్ళ పిల్లల కోసమని ఉన్న పుస్తకాలు దాదాపు లేవు. 377 సెక్షన్ మీద సుప్రీం కోర్టు తీర్పు వచ్చింది 2018 సెప్టెంబరులో, అప్పటికి మన తరం స్కూలు దాటి చాలా ఏళ్ళయింది. అందుకే ఆ తపన నాకు అర్థమవుతుంది.

కానీ తపన హక్కుగా మారితే ప్రమాదం. సిరీస్‌లో నిక్‌గా వేసిన కిట్ కానర్‌ని, నువ్వు నిజంగా ఎవరో చెప్పమని జనం ఆన్‌లైన్‌లో వెంటాడారు. 2022 అక్టోబరు ఆఖరున, పద్దెనిమిదేళ్ళ ఆ కుర్రాడు తను బైసెక్సువల్ అని చెప్పి, తనచేత బలవంతంగా చెప్పించారని రాశాడు. తొందరేం లేదు, నీ సమయం నువ్వు తీసుకో అని పేజీ పేజీకీ చెప్పే కథని ఇష్టపడ్డవాళ్ళే ఆ పని చేశారు. చదివిందానికీ చేసిందానికీ మధ్య ఇంత దూరం చూశాక, కథలో మంచితనం ఎక్కువైందని సణగడానికి నాకు నోరు రాలేదు.

అవతలి వైపు చూడండి. 2023లో హంగరీలో, ఈ పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరు చుట్టకుండా అమ్మినందుకు ఒక పుస్తకాల దుకాణాల సంస్థకి అక్కడి అధికారులు కోటీ ఇరవై లక్షల ఫోరింట్ల జరిమానా వేశారు. నాకు మరీ తియ్యగా అనిపించిన కామిక్‌లో, ఒక ప్రభుత్వానికి పిల్లల కంటపడకూడని ప్రమాదం కనిపించింది. ఇద్దరు కుర్రాళ్ళు చేతులు పట్టుకుని సంతోషంగా ఉండటమే ఇంకా కొన్నిచోట్ల గొడవ అయినప్పుడు, ఆ సంతోషాన్ని అంత తీరిగ్గా గీయడానికి తెగింపు కావాలి.

కాబట్టి నా తీర్పు ఇది. పద్నాలుగేళ్ళవాళ్ళకి ఐదూ ఇవ్వండి. పెద్దవాళ్ళయితే ‘సాలిటేర్’ చదివి, ఆ తరవాత నాలుగో వాల్యూమ్ దాకా ఓపిక పట్టండి. ఆరో వాల్యూమ్‌తో కథ ముగుస్తుందని ఓస్‌మన్ ముందే చెప్పారు. నిక్, చార్లీ బాగానే ఉంటారు, వాళ్ళ గురించి నాకు బెంగ లేదు. అందులో బెన్‌లాంటి పిల్లాడికి ఒక్క పేజీ దొరికితే చాలు.