ఏకాక్షిని మరిచిపోని వాళ్లు

ఆక్లాండ్ పాపటోయిటోయిలో ఏ తెలుగు ఇంట్లోనైనా పిల్లల్ని పట్టుకుని గాండాల్ఫ్ ఎవరని అడగండి, టక్కున చెబుతారు. చెప్పరా మరి! ఇక్కడి నుంచి దక్షిణంగా కారులో రెండు గంటల్లోపు వెళితే మటామటా దగ్గర పొలాల్లో హాబిట్ల ఊరి సెట్టు ఇప్పటికీ ఉంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు మనవాళ్లు తప్పకుండా తీసుకెళ్లే చోట్లలో అదొకటి. పీటర్ జాక్సన్ ఈ దేశపు కొండల్లో తీసిన మూడు ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ సినిమాల్లో చివరిదానికి 11 ఆస్కార్లు వచ్చాయి. అంతా బాగానే ఉంది. అదే పిల్లల్ని చతుర్నేత్రుడు ఎవరని అడగండి. ముఖం తేలేస్తారు. పక్కనే సోఫాలో కూర్చున్న తాతగారి వైపు తిరిగి అదే ప్రశ్న వెయ్యండి. చేతిలో కాఫీ కప్పు కింద పెట్టేసి, కుండలినీ ద్వీపం దగ్గర మొదలుపెట్టి, సమరసేనుడు, ఏకాక్షి, ఉలూకం, నరవానరం అంటూ కళ్లు మెరుస్తుండగా చెప్పుకుపోతారు. అరవై ఏళ్ల కిందట చదివిన పేర్లు ఒక్కటీ జారిపోలేదు!

ఆ పాత్రల్ని పుట్టించిన దాసరి సుబ్రహ్మణ్యం గారి గొప్పతనానికి నా దగ్గర ఇంతకన్నా పెద్ద సాక్ష్యం లేదు.

1954లో లండన్‌లో టోల్కీన్ ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మొదటి భాగం వెలువడింది. అదే ఏడాది మద్రాసు నుంచి వచ్చే పిల్లల మాసపత్రిక ‘చందమామ’లో పాఠకులు ఆ పాత్రలున్న ‘తోకచుక్క’ సీరియల్ చదవడం మొదలుపెట్టారు. టోల్కీన్ ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యుడు. డజను ఏళ్లు రాసి, తిరగరాసి, చెక్కుకున్నాడు. దాసరి గుంటూరు జిల్లా నుంచి వచ్చిన కుర్రాడు. 1932లో పుట్టి, 1952లో చందమామలో చేరి, రెండేళ్లు తిరిగేసరికి ఈ సీరియల్ చేతికెత్తుకున్నాడు. ఆయనకున్న గడువు నెల. ప్రెస్సు ఆగదు, బొమ్మలు వేసే మనిషి కాసుకుని ఉంటాడు, పోయిన నెల అచ్చయిపోయిన దాన్ని వెనక్కి వెళ్లి దిద్దుకునే వీలుండదు. ఆ కట్టుబాట్లలో పన్నెండు సీరియల్స్ రాశారాయన: తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు. పేర్లు చదువుతుంటేనే ఒళ్లు ఝల్లుమంటుంది. టోల్కీన్ మీద నాకు గౌరవం ఉంది. కానీ ఒక్కరినే ఎంచుకోమంటే నేను దాసరి పక్షమే, అందులో దాపరికం లేదు.

అంతకుముందు మనకు జానపదం లేదా అంటే దండిగా ఉంది. మధిర సుబ్బన్న దీక్షితుల వారి ‘కాశీమజిలీ కథలు’ పన్నెండు సంపుటాలు ఇంటింటా నలిగాయి. 1951లో ‘పాతాళభైరవి’ వచ్చి ఎస్వీ రంగారావు గారి నేపాళ మాంత్రికుణ్ణి ఊరూరా కూర్చోబెట్టింది. ఆ సినిమా తీసిన నాగిరెడ్డి, చక్రపాణి గార్లే 1947 జూలైలో చందమామ స్థాపించిన వాళ్లు. రాజారావు గారి ‘విచిత్ర కవలలు’ సీరియల్‌గా అప్పటికే పిల్లల్ని కట్టిపడేసింది. అంటే పొలం సిద్ధంగానే ఉంది. కానీ దాసరి నాటిన విత్తు వేరు.

పాత కథలో వినేవాడికి ముగింపు ముందే తెలుసు. రాకుమారుడు గెలుస్తాడు, మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంటుంది, పెళ్లితో కథ కంచికి వెళుతుంది. కష్టం వస్తే ఏ పార్వతీ పరమేశ్వరులో ఆకాశమార్గాన వెళుతూ ఆగుతారు. దాసరి ఆ దేవుళ్లకు సెలవిచ్చేశారు. ఆయన వామపక్ష భావాల మనిషి. అది ఆయన మాంత్రికుల్లోనే కనిపిస్తుందని నా నమ్మకం. వాళ్ల శక్తికి హద్దులుంటాయి, వాళ్లకు ఆశ ఉంటుంది, భయం ఉంటుంది, పక్క మాంత్రికుడి మీద పగ ఉంటుంది. చతుర్నేత్రుడికీ ఏకాక్షికీ మధ్య వైరంలో సమరసేనుడు చిక్కుకుంటాడు. అతనికి మంత్రం రాదు. కత్తి తిప్పడం, ఎప్పుడు ఎవరిని నమ్మాలో తేల్చుకోవడం, తన వాళ్లను వదలకపోవడం, ఇవే వచ్చు. పిల్లలకు ఇంతకన్నా ఏం కావాలి?

ఇక నాయకుల సంగతి. ‘ముగ్గురు మాంత్రికులు’లో పింగళుడు సరస్సులో వల వేసుకుని బతికేవాడు. ‘శిథిలాలయం’లో అడవిలో పెరిగిన శిఖిముఖి, రాజవంశపు విక్రమకేసరి భుజం భుజం కలిపి నడుస్తారు. అడవి కుర్రాడు రాజుగారి కొడుక్కి బంటుగా ఉండడు, స్నేహితుడిగా ఉంటాడు. ‘రాకాసిలోయ’లో కేశవుడు, జయమల్లుతో పాటు గోమాంగ్ ఉన్నాడు. ‘యక్షపర్వతం’లో ఖడ్గవర్మ, జీవదత్తుడు, ‘మాయాసరోవరం’లో జయశీలుడు, సిద్ధసాధకుడు. ఒంటరి వీరుడు దాసరికి పనికిరాడు. కనీసం ఇద్దరుండాలి, వాళ్ల స్వభావాలూ వేరుగా ఉండాలి. ఒకడు దూకుతాడు, ఒకడు ఆలోచిస్తాడు. ఇద్దరుంటే మాటలుంటాయి, మాటలుంటే వర్ణన తగ్గుతుంది, కథ పరుగెడుతుంది. ఈ చిన్న కిటుకుతో ఆయన ఎన్ని వందల పేజీలు నడిపించారో!

పనితనం చూడాలంటే పింగళుడి కథ ఎత్తుగడ చూడండి. ఒక మాంత్రికుడు సరస్సు దగ్గరికి వచ్చి, తన చేతులూ కాళ్లూ కట్టి నీళ్లలోకి తోసెయ్యమని పింగళుణ్ణి అడుగుతాడు. చేతులు పైకి తేలితే బతికినట్టు, కాళ్లు తేలితే పోయినట్టు. మూలం అరేబియన్ నైట్స్‌లోని జూదర్ కథే. అది తెలిసినవాళ్లు ‘ఓహో, కాపీ’ అని పెదవి విరుస్తారు. చదివి చూస్తే ఆ మాట అనరు. అక్కడ కొన్ని రాత్రుల్లో ముగిసే కథను తీసుకుని, దానికి మన అడవులు, మన కొండలు, భల్లూక పర్వతం, మహామాయుడి సమాధి, పద్మపాదుడితో పింగళుడి ప్రయాణం చేర్చి, నెల నెలా శ్వాస బిగబట్టించే నవలగా పెంచడం ఎవరికి పడితే వాళ్లకు చేతనయ్యే పని కాదు.

ప్రతి నెలా అయిదారు పేజీలు. మొదట్లో బ్రాకెట్లలో జరిగిన కథ నాలుగు ముక్కల్లో. ఆ నాలుగు ముక్కలు రాయడమే ఒక విద్య. కొత్తగా చదివేవాడికి దారి తెలియాలి, పాతవాడికి విసుగు పుట్టకూడదు. ఆ వెంటనే పోయిన నెల ఎక్కడ ప్రాణం మీదికి వచ్చి ఆగిందో సరిగ్గా అక్కడే కథ అందుకుంటుంది. ఆ ప్రమాదం మొదటి పేజీలోనే తేలుతుంది. ఇది గమనించాలి. పోయిన నెల పెట్టిన ముడిని మూడు నెలలు సాగదీసి మోసం చెయ్యరాయన. విప్పేసి, ఆ విప్పడంలోనే ఇంకో ముడి వేస్తారు. మధ్యలో కొత్త చోటు, కొత్త జాతి మనుషులు, వాళ్ల ఆచారం, వాళ్ల నాయకుడి తిక్క. చివర మళ్లీ ఎవరో చెట్టు మీంచి దూకబోతారు, పొదల్లో ఏదో కదులుతుంది, గుహలోంచి కేక వినబడుతుంది. దాని కింద ‘ఇంకా వుంది’. ఆ రెండు మాటల కింద నెలంతా వేలాడిన పిల్లలు ఎన్ని భాషల్లో ఎంతమందో! తెలుగులో పుట్టిన ఈ సీరియల్స్ చందమామ ఇతర భాషల పత్రికల్లోనూ వచ్చాయి.

భాష గురించి ఒక్క మాట. కొడవటిగంటి కుటుంబరావు గారు నడిపిన పత్రిక అది. చిన్న వాక్యం, వాడుక మాట, అనవసరపు విశేషణం ఒక్కటీ లేదు. పేర్లు మాత్రం నిండు సంస్కృతం: ఉగ్రాక్షుడు, బ్రహ్మదండి, కాపాలిని, చతుర్నేత్రుడు. చుట్టూ ఉన్న తెలుగు తేలిగ్గా ఉండబట్టి ఆ పేర్లు నోట్లో బరువుగా మోగుతాయి. పిల్లలు వీధిలో కర్రలు పట్టుకుని ఆ పేర్లతో ఆడుకున్నారంటే ఊరికే కాదు.

బొమ్మల గురించి చెప్పకపోతే పాపం చుట్టుకుంటుంది. ‘చిత్ర’ అన్న సంతకంతో బొమ్మలు వేసిన టి.వి. రాఘవన్ గారు లేని దాసరి సీరియల్‌ను నేను ఊహించుకోలేను. బేతాళ కథలకు శంకర్ గారు ఎలాగో, ఈ సీరియల్స్‌కు చిత్ర గారు అలాగ. మాంత్రికుడి కపాలమాల, ఎండిన చెట్ల కొమ్మలు, కాగడా వెలుగులో రాతి గోడ, ఎదురుపడ్డ మృగం ముందు వెనక్కి వంగిన మనిషి నడుము... కథ ఒక వాక్యంలో దాటేసిన దాన్ని ఆయన కుంచె నెలంతా చూసుకోమని ఇస్తుంది. ఆ బొమ్మల్లో ఎవరూ ఊరికే నిలబడి ఉండరు. ప్రతివాడూ ఏదో చేస్తూ పట్టుబడతాడు.

ఇంత చేసిన మనిషి పేరు సీరియల్ మీద ఉండేది కాదు! దశాబ్దాల పాటు లక్షల మంది చదివారు, రాసిందెవరో తెలియకుండానే పెద్దవాళ్లయ్యారు. ఈ సీరియల్స్ అంటే చక్రపాణి గారికి అంత ఇష్టం ఉండేది కాదనీ, ఆపి చూస్తే పాఠకులు ఊరుకోలేదనీ చెప్పుకుంటారు. అందులో ఎంత నిజమో గానీ, పాఠకులు ఊరుకోరన్నది మాత్రం నేను నమ్ముతాను. నెల నెలా ఆ పేజీలు చింపి, దారంతో కుట్టి, అట్ట వేసి దాచుకున్న ఇళ్లు ఎన్ని! అలా కుట్టిన పుస్తకాల్లో కొన్ని సముద్రాలు దాటి ఈ దక్షిణ ఆక్లాండ్ దాకా వచ్చాయి. శనివారం సాయంత్రం నలుగురు చేరితే ‘శిథిలాలయం’ గొప్పదా ‘తోకచుక్క’ గొప్పదా అని మొదలై భోజనాలు చల్లారిపోతాయి. దాసరి చందమామలో యాభై ఏళ్లకు పైగా పనిచేసి, 2010లో కన్నుమూశారు. అభిమానులు ఆయన్ని వెతుక్కుంటూ వెళ్లింది ఆ చివరి ఏళ్లలోనే. సన్మానాలు జరగాల్సిన కాలంలో ఆయన నిశ్శబ్దంగా బల్ల ముందు కూర్చుని ప్రూఫులు దిద్దుతున్నారన్న సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఇంకా కోపం వచ్చేది ఇప్పుడు జరుగుతున్న దానికి. చందమామ చేతులు మారింది, 2007లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ కొన్నది, కొన్నేళ్లకు ఆగిపోయింది. ఆ ఖాళీలోకి చెత్త వచ్చి పడింది. ఫోను తెరిస్తే ‘మాయా’, ‘మాంత్రిక’ అని పేరు పెట్టుకున్న వీడియోలు వందలు. యంత్రం గీసిన, ఆరు వేళ్లున్న రాకుమారులు. ఒకే గొంతు, ఒకే సంగీతం, ప్రతి అయిదు నిమిషాలకూ ఒక నీతి. మాంత్రికుడు చెయ్యి ఊపితే నీలం వెలుగు, అంతే కథ. భయం లేదు, దారి లేదు, స్నేహం లేదు. టీవీలో జానపదమంటే నగలు, గ్రాఫిక్స్, తలుపు చాటు కుట్రలు. అన్నం తినిపించడానికి పిల్లల ముందు ఇవి పెట్టి, మా పిల్లలకు తెలుగు కథలంటే ఆసక్తి లేదని మనమే నిట్టూరుస్తాం. ఆసక్తి ఎలా వస్తుంది? పాపటోయిటోయి పిల్లలు వెయ్యి పేజీల టోల్కీన్ చదువుతున్నారు, హ్యారీ పాటర్ ఏడు పుస్తకాలూ తిరగేస్తున్నారు. వాళ్లకు ఓపిక లేదనకండి. వాళ్ల చేతికి మనం ‘కంచుకోట’ ఇవ్వలేదు.

‘మంచి పుస్తకం’, ‘వాహిని బుక్ ట్రస్ట్’ ప్రచురణ సంస్థల వాళ్లు దాసరి సీరియల్స్‌ను పుస్తకాలుగా తెచ్చారు. వాళ్లకు చేతులెత్తి దండం పెట్టాలి. దండంతో సరిపెట్టకుండా కొనాలి కూడా. సంక్రాంతికి ఊరెళ్లి పెట్టెలో పచ్చళ్లు, పొడులు సర్దుకునేటప్పుడు రెండు పుస్తకాలకు చోటు లేకపోదు. స్కాన్లు దాచి ఉంచిన అభిమానుల పుణ్యమాని ఎన్నో పాత సంచికలు బతికాయి, అది నిజమే. కానీ ఫోనులో వచ్చిన ఫైలును పది మందికి పంపి, ఎవరూ తెరవకుండా వదిలేయడం చదవడం కాదు.

తెలుగు చదవడం రాని పిల్లలకు పైకి చదివి వినిపించండి. ఈ కథలు అందుకు అచ్చంగా సరిపోతాయి, వాక్యాలు నోటికి ఎక్కడా అడ్డుపడవు. వారానికి ఒక్క భాగం చాలు. ‘ఇంకా వుంది’ దగ్గర పుస్తకం మూసేయండి. ఎంత బతిమాలినా తెరవద్దు. ఆ వారమంతా వాళ్లు మిమ్మల్ని అడిగే ప్రశ్నలన్నీ తెలుగులోనే ఉంటాయి, చూడండి. ఎక్కడ మొదలుపెట్టాలంటే, నన్నడిగితే ‘ముగ్గురు మాంత్రికులు’. సరస్సు ఒడ్డున వల పట్టుకున్న పింగళుడు ఏ దేశపు పిల్లాడికైనా మొదటి పేజీలోనే చుట్టమైపోతాడు. ‘తోకచుక్క’ అభిమానులు ఒప్పుకోరని తెలుసు. వచ్చే శనివారం రమ్మనండి, వాదించుకుందాం.