నీలం దగ్గరే చిక్కు

ఈ వారం భద్రాచలం దారిలో ఒక దుకాణం ముందు ఏగిస కర్ర గ్లాసులు వరసగా పేర్చి ఉన్నాయి. షుగరు తగ్గిస్తాయని అమ్ముతున్నారు. వైద్యం సంగతి ఎలా ఉన్నా, ఈ కాలమిస్టు ఒకటి కొన్నాడు. రాత్రి నానిన నీళ్లను గాజు గ్లాసులోకి వంపితే టీ రంగు. ఎండలో పట్టి పక్కనుంచి చూస్తే అంచున లేత నీలం మెరుపు. కర్రలోంచి దిగిన అణువులు కంటికి కనపడని అతినీలలోహిత కాంతిని మింగి నీలంగా వదులుతున్నాయి.

అడవి ముందు ల్యాబు ఏపాటిదని ఎప్పటి పాటే అందుకోబోయాడు. పాత పాఠకులకు ఈ జబ్బు తెలిసిందే. జేబులోని ఫోను అడ్డం వచ్చింది.

దాని ఓఎల్ఈడీ తెరలోనూ సేంద్రియ అణువులే వెలుగుతాయి, కానీ ఏగిస నీళ్లలోలా మింగడానికి కాంతి ఉండదు. ఒకవైపు నుంచి ఎలక్ట్రాన్లు, మరోవైపు నుంచి వాటి ఖాళీలు వచ్చి అణువు మీద కలవాలి. 1987లో కొడాక్‌లో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ రెండు పలుచని సేంద్రియ పొరలతో, 10 వోల్టుల లోపే దీన్ని సాధించారు. కానీ అలా కలిసిన ప్రతి నాలుగు జంటల్లో మూడు 'ట్రిప్లెట్' స్థితిలోకి పోతాయి. మామూలు అణువుల్లో అవి వెలగవు. నూటికి 75 దండగ!

1998లో ఫారెస్ట్, థాంప్సన్ బృందం అణువులో ప్లాటినం కూర్చి ఆ దండగను వెలిగించింది. తర్వాత ఇరీడియం వచ్చింది. రెండూ ఖరీదైనవే. 2012లో జపాన్‌లోని క్యుషు విశ్వవిద్యాలయంలో చిహాయా అదాచి బృందం లోహం జోలికే పోలేదు. ఒక బెంజీన్ వలయం, దానికి రెండు సైనో గుంపులు, చుట్టూ నాలుగు కార్బజోల్ రెక్కలు. చోటు చాలక రెక్కలు మెలితిరుగుతాయి. కిటుకంతా ఆ మెలికలోనే ఉంది: ఎలక్ట్రాన్ ఇచ్చే భాగం, పుచ్చుకునే భాగం ఎడమై, గది వేడికే ట్రిప్లెట్ ఎగబాకి వెలుగుతుంది. (కార్బజోల్ మొదట దొరికింది 1872లో, కోల్ తారులో.)

అదాచి అణువు ఆకుపచ్చగా వెలిగింది. నీలం దగ్గరే చిక్కు. నీలానికి శక్తి ఎక్కువ. ట్రిప్లెట్లు వెలగడానికి తాత్సారం చేస్తాయి. ఆలోగా ఒకదాన్నొకటి ఢీకొంటే అణువు బంధాలే తెగిపోవచ్చు. ఏగిస నీళ్లు వెలిసిపోతే మళ్లీ నానబెట్టుకుంటాం. ఫోనులో ఆ వీలు లేదు, అదే అణువు వేల గంటలు పనిచేయాలి. ఈ పరీక్ష అడవికి ఎవరూ పెట్టలేదు. కాబట్టి ఈసారి ఓటు ల్యాబుకే.

అలాగని ల్యాబు గట్టెక్కిందనీ కాదు. చాలా ఫోన్లలో ఎరుపు, ఆకుపచ్చ ఇరీడియంతో వెలుగుతున్నాయి. నీలానికి మాత్రం నేటికీ పాత ఫ్లోరసెంట్ అణువులే దిక్కు.