కేబుల్ తప్పు, ధూళి తప్పు

2011 సెప్టెంబరు 23న సెర్న్‌లో ఒపెరా బృందం ఒక కొలత బయటపెట్టింది. జెనీవా దగ్గర బయల్దేరిన న్యూట్రినో కణాలు భూమిలోంచి 730 కిలోమీటర్లు దూసుకెళ్ళి, ఇటలీలోని గ్రాన్ సాసో కొండ కింది పరికరాన్ని కాంతి కంటే 60 నానోసెకన్లు ముందే చేరాయట. 2014 మార్చి 17న బైసెప్2 బృందం హార్వర్డ్‌లో విలేఖరులను పిలిచి, విశ్వం పుట్టిన తొలి క్షణపు గురుత్వ తరంగాల జాడ దక్షిణ ధ్రువం మీది ఆకాశంలో దొరికిందని చెప్పింది. రెండూ నిలబడలేదు. అయితే నవ్వులపాలైంది మాత్రం ఎక్కువగా ఒపెరాయే. అది అన్యాయం.

ఒపెరా పత్రం ఇప్పుడు చదివినా గౌరవం కలుగుతుంది. గణాంకాల వల్ల రాగల దోషం 6.9 నానోసెకన్లు, పరికరాల వల్ల రాగలది 7.4 అని విడివిడిగా లెక్క చూపారు. ఫలితం ఆరు సిగ్మాల బలంతో, అంటే కాకతాళీయమయ్యే అవకాశం దాదాపు లేనంతగా, ఉన్నా ఐన్‌స్టైన్ తప్పని ఎక్కడా అనలేదు. సిద్ధాంతపరమైన వ్యాఖ్యానం జోలికి కావాలనే పోవడం లేదని రాసి, పరిశీలించి చూడమని బయటివారిని కోరారు. ఇంకా సరిచూసుకోవాలంటూ సంతకం పెట్టని సభ్యులూ ఉన్నారు. వాళ్ళ మాటలో బలముంది. చివరికి జీపీఎస్ సమయాన్ని మోసుకొచ్చే ఫైబర్ కేబుల్ సరిగా బిగియలేదని కనిపెట్టింది కూడా ఆ బృందమే. ఊహించగలిగిన దోషాలే ఆ 7.4లో ఉన్నాయి. ఊహకందని కేబుల్‌కు అందులో చోటెక్కడిది?

బైసెప్2 కథ ఇంతకంటే చిక్కైనది, ఎందుకంటే అక్కడ కొలత తప్పు కాదు. విశ్వపు తొలినాటి కాంతి ధ్రువణంలో వాళ్ళు చూసిన మెలిక ఆకాశంలో నిజంగానే ఉంది. అది ఎవరిదన్నదే ప్రశ్న. మన పాలపుంతలోని ధూళి కూడా అచ్చం అలాంటి మెలికనే పుట్టిస్తుంది. రెంటినీ విడదీయాలంటే వేర్వేరు పౌనఃపున్యాల్లో చూడాలి. బైసెప్2 పరికరం చూసింది 150 గిగాహెర్ట్జ్‌లోనే. ధూళి లెక్క కోసం వాడిన ఆధారాల్లో ఒకటి, ప్లాంక్ ఉపగ్రహ బృందం ఏదో సదస్సులో తెర మీద చూపిన పటం. సంకేతం కాకతాళీయం కాదని మాత్రమే సిగ్మాలు చెబుతాయి, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేవు. పత్రం శీర్షిక ఈ హద్దు దాటలేదు, మెలిక కనబడిందని మాత్రమే అంది. పత్రికా ప్రకటన దాటింది: ఇన్‌ఫ్లేషన్‌కు, అంటే తొలి క్షణంలో విశ్వం ఒక్కసారిగా ఉబ్బిందన్న సిద్ధాంతానికి, తొలి ప్రత్యక్ష సాక్ష్యమంది. ఆ సిద్ధాంతకర్తల్లో ఒకరైన ఆండ్రే లిండే ఇంటి తలుపు తట్టి ఆ కబురు చెప్పిన వీడియో లోకమంతా తిరిగింది. ఒపెరా అంత జాగ్రత్తగా మూసి ఉంచిన తలుపును ఇక్కడ బార్లా తెరిచారు.

ఆ తర్వాత రెండు బృందాలకూ దక్కింది వేరు. ఒపెరా ప్రతినిధి ఎరెడిటాటో సొంత బృందంలోనే అవిశ్వాసం ఎదుర్కొని 2012లో తప్పుకున్నారు. నా దృష్టిలో అది తప్పుచోట పడిన శిక్ష. బైసెప్ వాళ్ళు ప్లాంక్ బృందంతోనే కలిసి కూర్చుని, ఆ సంకేతంలో అధికభాగం ధూళిదేనని 2015 జనవరిలో తేల్చారు. అక్కడి నుంచి వాళ్ళ పని తీరే మారింది. 2021లో మూడు పౌనఃపున్యాల కొలతలతో వచ్చిన పత్రంలో, ఆ గురుత్వ తరంగాల బలాన్ని సూచించే నిష్పత్తికి 2014లో 0.2 అని చాటిన విలువ స్థానంలో 0.036కు మించదన్న గరిష్ఠ పరిమితి మాత్రమే ఉంది.