హెరిగెల్ చూడని విల్లు

జర్మన్ తాత్త్వికుడు ఒయిగెన్ హెరిగెల్ 1948లో ప్రచురించిన ‘విలువిద్యా కళలో జెన్’ అనే చిన్న పుస్తకం, 1953లో ఆంగ్లానువాదం వెలువడిన తరువాత అనేక దేశాలలో చదువరులను సంపాదించుకున్నది. 1924 నుండి 1929 వరకు జపానులోని సెందాయ్ నగరంలో, తొహోకు సామ్రాజ్య విశ్వవిద్యాలయంలో బోధించిన హెరిగెల్, అక్కడ ఆవా కెన్జో అనే గురువు వద్ద విలువిద్య అభ్యసించినాడు. బాణాన్ని తాను వదలక అది తనంతట విడిపోయే క్షణం కోసం వేచి ఉండటం, లక్ష్యాన్ని గురించిన ఆరాటాన్ని విడిచిపెట్టడం ఆ పుస్తకంలోని ప్రధాన విషయాలు. భారతీయ పాఠకునికి ఇవి కొత్తగా తోచవు. ప్రణవాన్ని ధనుస్సుగా, ఆత్మను బాణంగా, బ్రహ్మమును లక్ష్యంగా ముండకోపనిషత్తు ఏనాడో నిలిపింది. అందువల్లనే హెరిగెల్‌ను ప్రశ్నించకుండా అంగీకరించడం ఇక్కడి చదువరికి మరింత సులభం.

ప్రశ్నించినవారు జపానులోనే ఉన్నారు. ఆవాకు జెన్ సాధనతో నేరుగా సంబంధం లేదనీ, గురుశిష్యుల నడుమ దుబాసీగా ఉన్న కొమాచియా సోజో అనువాదంలో స్వేచ్ఛ తీసుకున్నాడనీ యమదా షోజి 2001లో వెలువడిన వ్యాసంలో చూపించినాడు. చీకటిలో రెండవ బాణం మొదటి బాణపు తోకను చీల్చిన సుప్రసిద్ధ ఘట్టంలోనైతే దుబాసీయే లేడు. ఈ విమర్శ బలమైనదే. అయితే అది మాటల అపార్థాన్ని గురించిన విమర్శ. పుస్తకంలోని పెద్ద లోటు మరొకచోట ఉన్నది. ఆ పుస్తకంలో గురువు ఉన్నాడు, శిష్యుడు ఉన్నాడు, శ్వాస ఉన్నది, మౌనం ఉన్నది. విల్లు చేసినవాడు లేడు. విల్లు అంతగా సాగడానికి దాని నిర్మాణమూ, వెదురూ కారణమని గురువు చెప్పిన ప్రస్తావనతో ఆ విషయం ముగిసిపోతుంది. వెదురుతోపాటు ఆ వింటిలో కొయ్య కూడా ఉన్నదనే సంగతి, ఆ రెండింటినీ కలపడానికి పట్టిన శతాబ్దాల శ్రమ, హెరిగెల్ దృష్టికి రాలేదు.

పూర్వపు జపాను విల్లు ఏక కాష్ఠం. నారా నగరంలోని షోసోయిన్ భాండాగారంలో భద్రపరచిన ఎనిమిదవ శతాబ్దపు విండ్లు అటువంటివే. హెయాన్ యుగం (794–1185) నడిమి, చివరి భాగాలలో కొయ్య వింటికి వెలుపలి వైపున వెదురు బద్దను అతికించడం ఆరంభమైంది. ‘ఫుసెతకె’ అని పిలిచే ఈ విల్లే తరువాతి మార్పులన్నింటికీ మూలం.

వింటిలో లక్ష్యం వైపు ఉండే ముఖాన్ని వెన్ను అనీ, విలుకాని వైపు ఉండే ముఖాన్ని కడుపు అనీ అనుకుంటే ఆ కూర్పులోని వివేకం స్పష్టమవుతుంది. నారిని లాగినప్పుడు వెన్ను సాగుతుంది, కడుపు నొక్కుకుపోతుంది. ఒకే కొయ్య ఈ రెండు బాధలనూ భరించవలసి వస్తే, అధికంగా సాగే వెన్ను వైపున చీలిక పుడుతుంది. వెదురులో నార బయటి చర్మం వద్ద దట్టంగానూ, లోపలికి పోయేకొద్దీ పలుచగానూ ఉంటుంది. అందుచేత పనివాడు బద్ద లోపలి మెత్తని భాగాన్నే చిత్రిక పట్టి పలచన చేస్తాడు; చర్మాన్ని ముట్టుకోడు, కణుపుల వద్ద నార తెగనివ్వడు. బద్ద మందమైతే మరొక ప్రమాదం. సాగడానికి ఇష్టపడని వెదురు, బలహీనమైన కొయ్య కడుపును నలిపివేస్తుంది. బలమైనదాన్ని పలచబరచి, బలహీనమైనదానికి తోడు చేయడమే ఇందులోని నేర్పు.

ఇక తుది మెరుగు. ఇటువంటి వింటిని సరిదిద్దడమంతా కొయ్య వైపునే జరగాలి. కొద్దిగా గీకి, నారి ఎక్కించి, కొద్దిగా లాగి, వంపును పరిశీలించి మళ్ళీ గీకాలి. తీసిన కొయ్యను తిరిగి పెట్టలేరు కనుక తొందర పనికిరాదు. జపాను వింటిలో ఈ పని ఇంకా కష్టం. పట్టు నడిమిన కాక, కింది నుండి సుమారు మూడవ వంతు ఎత్తులో ఉంటుంది. పై భాగమూ కింది భాగమూ అసమానంగా ఉంటూనే సమంగా బదులు పలకాలి. మూడవ శతాబ్దపు చీనా చరిత్ర గ్రంథమే ఆ ద్వీపవాసుల కొయ్యవిండ్లకు కింది భాగం పొట్టిదనీ, పై భాగం పొడవనీ గుర్తించింది.

జిగురు తేమకు వదులుతుంది. అతుకు ఊడకుండా చుట్టిన బెత్తపు కట్లు కాలక్రమంలో యోధుని హోదాకు గుర్తులయ్యాయి. తరువాత కడుపు వైపున కూడా వెదురు చేరింది. ఆపైన పక్కలు, చివరకు నడిమి భాగం సైతం వెదురు పుల్లల కూర్పుగా మారినాయి. క్యోతోలోని సాంజూసాంగెందో ఆలయపు వసారాలో, సుమారు 120 మీటర్ల దూరానికి ఒక పగలూ రాత్రీ బాణాలు వేసే పోటీలకు ఇటువంటి విండ్లే ఆధారం. 1686లో వాసా దైహాచిరో 13,053 బాణాలు వేసి 8,133 సఫలం చేసినాడు. విలుకాని పేరు, బాణాల సంఖ్య చరిత్రకెక్కినాయి. అన్ని వేలసార్లు వంగి నిలిచిన వింటిని గురించి ఆ కథ చెప్పేవారు ఒక్క వాక్యమైనా చెప్పరు.

నేటి సంప్రదాయ విల్లు పొడవు సుమారు 221 సెంటీమీటర్లు. చలికాలపు ఆరంభంలో నరికి ఆరబెట్టిన వెదురును, హజె అనే చెట్టు కొయ్యతో జతచేసి, జిగురు పూసి, తాటితో బిగించి, ఆ తాటి కింద వందకు పైగా వెదురు చీలలను దిగగొడతారు. జిగురు ఆరకముందే దాన్ని వ్యతిరేక దిశకు వంచుతారు. నారి విప్పగానే విల్లు ఎదురు వైపుకు తిరిగిపోవడానికి కారణం అదే. జింక తోలు నుండి కాచిన ‘నిబె’ జిగురు వాడేవారు తగ్గి, కృత్రిమమైన జిగుర్లు వచ్చాయి. మియాజాకి ప్రాంతంలోని మియాకొనొజో విండ్లను జపాను ప్రభుత్వం 1994లో సంప్రదాయ హస్తకళగా గుర్తించింది.

భారతీయ వాఙ్మయాన్ని ఇదే దృష్టితో చదివితే రెండు ధోరణులు కనబడతాయి. వాజసనేయి సంహిత 30వ అధ్యాయం విల్లు చేసేవానిని, బాణం చేసేవానిని, నారి చేసేవానిని వేరువేరుగా పేర్కొన్నది. కౌటిలీయం విండ్లను తాటి, వెదురు, కొయ్య, కొమ్ము అంటూ పదార్థాన్ని బట్టి విభజించింది. అమరకోశం నాటికి కోదండమూ కార్ముకమూ పర్యాయపదాలైనాయి. అక్కడ వింటికొనకు అటని, నడిమి పట్టుకు లస్తకం అనే పేర్లున్నాయి. వెన్నుకూ కడుపుకూ లేవు. పట్టుకునేవానికీ, నారి ఎక్కించేవానికీ కావలసిన పేర్లు నిలిచినాయి, గీకేవానికి కావలసినవి నిలవలేదు. కావ్య వ్యాఖ్యాతలకు విల్లు అలంకార సామగ్రిగా మిగిలిపోవడంలో ఈ నిఘంటు సంప్రదాయానికీ కొంత భాగమున్నది.

సంగ్రహాలయ పట్టికలో ‘విల్లు, వెదురు, కొయ్య’ అని వ్రాసి పొడవు నమోదు చేస్తే హెరిగెల్ కన్న ఒక్క అడుగు కూడా ముందుకు పోయినట్లు కాదు. వెదురు ఏ ముఖాన ఉన్నది, కణుపులు ఎక్కడెక్కడ పడినాయి, అతికించిన జిగురు ఏది, కత్తి గీకిన జాడలు ఏ భాగంలో ఎక్కువగా ఉన్నాయి అనే నాలుగు పంక్తులు దానికి చేర్చడానికి, వస్తువును చేతిలోకి తీసుకొని తిప్పి చూసే ఓపిక ఉంటే చాలును.